బాపు గీకిన అంకె

నాకు ముక్కు మీద కోపం. చిన్నప్పటి నుంచీ అంతే. ముంబై పక్కన భివండిలో పుట్టి, మరాఠీ బడిలో చదివి, వీధిలో హిందీ, ఇంట్లో కరీంనగర్ తెలుగు మాట్లాడుతూ పెరిగినదాన్ని. మూడు భాషల్లోనూ తిట్టగలను. మా అమ్మ ఐలమ్మను మేము అవ్వ అంటాం. "గీ పిల్ల నోటికి తాళమేసే మొగోడు యాడ దొరుకుతడో" అని ఆమె ఊరికే సణిగేది. ఇది నా కోపం గురించిన కథ కాదు, మా బాపు కథ, అంటే మా నాన్న కథ. కానీ నా నోరే అదుపులో ఉండి ఉంటే ఇందులో చెప్పడానికి ఏమీ ఉండేది కాదు. అందుకే ముందే ఒప్పేసుకుంటున్నాను.

మా బాపు పేరు ఇస్సాకు. పదహారేళ్ల వయసులో జగిత్యాల దగ్గరి పల్లె నుంచి బుచ్చిరాములు కాకతో కలిసి ఒకే బస్సులో భివండికి వచ్చాడు. వాళ్లు పద్మశాలీలు, మేము క్రైస్తవులం. వాళ్ల పండుగలు వేరు, మా ప్రార్థనలు వేరు. అయినా ఇద్దరూ నాగావ్‌లో ఒకే షెడ్డు అటక మీద, కింద సాంచాలు దడదడలాడుతుంటే ఒకే చాప మీద ఆరేళ్లు పడుకున్నారు. సాంచాలంటే మరమగ్గాలు. మావాళ్లెవరూ మరమగ్గం అనరు.

బుచ్చిరాములు కాక సాంచాల మీదే ఉండిపోయాడు. బాపుకు మాత్రం చేతిలో గీత ఉండేది. విరిగిన సాంచె భాగాన్ని మేస్త్రీకి అర్థమయ్యేలా సిగరెట్ పెట్టె అట్ట మీద గీసిచ్చేవాడట. షెడ్డు కొలతలకు వచ్చిన ఇంజినీరు పాట్కర్ సాబ్ ఆ అట్ట చూసి, బాపును తన ఆఫీసుకు తీసుకుపోయాడు. ఎస్టీ బస్టాండ్ ఎదురుగా ఓ ఇరుకు బిల్డింగులో రెండో అంతస్తు అది. అక్కడ బాపు కట్టడాల నక్షాలు గీయడం నేర్చుకుని ఇరవై రెండేళ్లు గీశాడు. నార్పోలిలో, నాగావ్‌లో సగం షెడ్లు మా బాపు చేతి కింద నుంచి వచ్చినవే. సంతకం సాబ్‌ది. గీత బాపుది. నేను చిన్నప్పుడు బాపు వేలు పట్టుకుని నడుస్తుంటే ప్రతి మూల మలుపులోనూ "గిది నేనే గీసిన బిడ్డా" అనేవాడు. నాకు భలే గర్వంగా ఉండేది.

బాపు పని చేస్తుంటే చూడాలి. ఏటవాలు బల్ల మీద పలచటి ట్రేసింగ్ కాగితం పరిచి, నాలుగు మూలలా టేపు అంటించి, ఊపిరి బిగబట్టి సిరా పెన్నుతో గీసేవాడు. అక్షరాలు అచ్చు వేసినట్టుండేవి. ఏదన్నా మార్చాలంటే సగం బ్లేడుతో ఆ చోట సిరాను నెమ్మదిగా గీకి, రబ్బరుతో రుద్ది, మళ్లీ రాసేవాడు. ఆ పనిలో కాగితం చిరగకూడదు. బాపు చేతిలో ఒక్కసారి కూడా చిరగలేదు.

ఇంకో సంగతి చెప్పాలి, ఎందుకంటే కొంప మునిగింది దీనివల్లే. పెద్ద నక్షా అంతా అయ్యాక ఎవరో ఒక సేటు వచ్చి ఫలానా దూలం ఇంకాస్త లోతు చేయమంటాడు. అప్పుడు గీతలన్నీ చెరిపి మళ్లీ గీయాలంటే రెండు రోజులు. అందుకని గీతను అలాగే వదిలేసి అంకెను మాత్రం మార్చేవారు. పన్నెండు అంగుళాలని ఉన్నచోట గీకి పద్దెనిమిది రాసేవారు. గీత పాతదే, అంకె కొత్తది. నక్షా కింద ఓ మూల "రాసిన అంకెనే పాటించాలి, గీతను కొలవరాదు" అని మరాఠీలో ఉండేది. మేస్త్రీలందరికీ తెలుసు. బోర్డు మీద చేత్తో గీసేవాళ్లందరికీ తెలుసు. తెలియనిది నాకొక్కదానికే.

తొంభై తొమ్మిదిలో సాబ్ కంప్యూటర్ కొన్నాడు. దానికోసం గాజు తలుపుల గది కట్టించాడు, ఏసీ పెట్టించాడు. కొబ్బరికాయ కొట్టిన రోజు అందరూ చెప్పులు విప్పి లోపలికి వెళ్లారు. బాపు మాత్రం గాజు అవతలే నిలబడి చూశాడు. అప్పటికి నేను కళ్యాణ్‌లో ఆటోక్యాడ్ కోర్సు చేసి ఉన్నాను. బాపే చేర్పించాడు. "నా చెయ్యి ఇంక ఎన్నేండ్లు ఆడ్తది బిడ్డా, నువ్వు గా మిషన్ నేర్సుకో" అన్నాడు. సాబ్ దగ్గర నిలబడి, ఇరవై రెండేళ్లలో ఏనాడూ ఏదీ అడగని మనిషి, "నా బిడ్డకు కొలువియ్యుండ్రి సాబ్" అని అడిగాడు. నాకు ఉద్యోగం అలా వచ్చింది.

ఇక నా కాళ్లు నేల మీద ఉంటేనా! ఇరవై ఒక్కేళ్లు, ఏసీ గది, తిరిగే కుర్చీ. బాపు బయట ఫ్యాను కింద చెమటలు కక్కుతూ బల్ల మీద వంగి ఉండేవాడు. నేను లోపల చలికి స్వెట్టర్ వేసుకునేదాన్ని. సాబ్ నాకిచ్చిన పని ఒకటే. బాపు గీసిన పాత ట్రేసింగులన్నింటినీ కంప్యూటర్‌లోకి ఎక్కించడం. డిజిటైజర్ అని పెద్ద పలక ఉండేది. దాని మీద ట్రేసింగ్ పరిచి, గీత మొదట్లో ఒకసారి, చివర ఒకసారి నొక్కితే ఆ గీత తెర మీదకు వచ్చేది. కొలతలు మనం రాయనక్కర్లేదు. గీతను చూపిస్తే చాలు, ఎంత పొడుగో కంప్యూటరే కొలిచి అంకె వేసేది. ఆ అంకెలు టకటకా పడుతుంటే నాకు కడుపు నిండిపోయేది.

ఆ ఏడే బుచ్చిరాములు కాక తన సొంత షెడ్డు మొదలుపెట్టాడు. ముప్పై ఏళ్లు పరాయి షెడ్లలో నిలబడి నేసిన మనిషి. నార్పోలిలో మా సందు చివర చిన్న జాగా సంపాదించాడు. కింద ఆరు సాంచాలు, పైన ఆరు సాంచాలు. అది ఆయన కల. నక్షా కోసం ఆయనా, ఆయన భార్య గంగాబాయి చిన్నమ్మా మిఠాయి డబ్బా పట్టుకుని మా ఒంటిగది ఖోలీకి వచ్చారు.

"ఇస్సాకన్నా, నక్షా నువ్వే గియ్యాలె. ఇంకెవడు గీసినా నేను కట్ట" అన్నాడు కాక.

"గిప్పుడు నేనెందుకురా, మా శారోన్ మిషన్ మీద గీస్తది. నాకంటె సాఫ్‌గ అస్తది" అన్నాడు బాపు. ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖం చూడాలి, అలా వెలిగిపోయింది.

"గట్లయితే ఇంక మంచిది. ఇంటి పిల్లనాయె" అంది గంగాబాయి చిన్నమ్మ.

నాగావ్‌లో పదేళ్ల కిందట బాపు గీసిన ఓ షెడ్డు అచ్చం ఈ కొలతలకే సరిపోతుందని సాబ్ దాన్నే తీసుకోమన్నాడు. మొదట ఆ షెడ్డు పై అంతస్తు నూలు బస్తాలకోసం అనుకున్నారట. తర్వాత ఆ సేటు మనసు మార్చుకుని పైన కూడా సాంచాలు పెడతానన్నాడు. సాంచె ఆడితే నేల ఊగుతుంది కదా. అందుకని సాబ్ మళ్లీ లెక్క వేసి దూలాల లోతు పెంచమన్నాడు. బాపు ఎప్పటిలాగే గీతలు వదిలేసి అంకెలు మార్చాడు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

నేను ఆ ట్రేసింగ్‌ను పలక మీద పరుస్తున్న రోజు పొద్దున బాపు గాజు తలుపు తీసుకుని లోపలికి వచ్చాడు. చెప్పులు విప్పడం మరిచిపోయాడు. అంతకు ముందు రోజే సాబ్ నన్ను దుమ్ము గురించి కసిరాడు.

"బిడ్డా, గీ పాత కాగితాలల్ల ఒక ముచ్చటున్నది. జర సూస్కోవాలె..." అని మొదలుపెట్టాడు బాపు.

"చెప్పులు బాపూ! ఎన్నిసార్లు చెప్పాలె? మిషన్ పాడైతే నువ్విస్తవా?" అని అరిచాను.

"ఇప్పుత, ఇప్పుత. గది కాదు, గీ అంకెలు..."

"నాకు తెలుసు నువ్వు పో. కంప్యూటర్‌కు నీ లెక్క తప్పులు రావు. ప్రతిదాంట్ల అచ్చి ఏలు వెడ్తవెందుకు?"

బయట కూర్చున్న ఇద్దరు షెడ్డు ఓనర్లు గాజులోంచి చూస్తున్నారు. బాపు చేతిలో చెప్పులు పట్టుకుని బయటికి వెళ్లిపోయాడు. ఆయన నోట్లో నాలుక లేని మనిషి. తిరిగి ఒక్క తిట్టు తిట్టి ఉంటే, ఆ చెప్పుతోనే ఒకటి కొట్టి ఉంటే ఎంత బాగుండేది!

దూలం దగ్గరికి వచ్చేసరికి కంప్యూటర్ పదిహేను అంగుళాలని వేసింది. ట్రేసింగ్ మీద బాపు చేతి రాతలో ఇరవై ఒకటి అని ఉంది. చూశాను. చూడలేదని అబద్ధం చెప్పను. స్పష్టంగా చూశాను. గీత కొలిస్తే పదిహేనే వస్తోంది, రెండు మూడుసార్లు నొక్కి మరీ చూశాను. ‘అబ్బో, పెద్ద పనిమంతుడు, ఇంత తప్పు రాశాడా! పరువు పోకుండా నేనే సరిచేశాను’ అనుకున్నాను. బయటికి వెళ్లి ఒక్క మాట అడిగితే అయిపోయేది. పొద్దున తిట్టినదాన్ని, మధ్యాహ్నం వెళ్లి అడగడానికి నాకు అహం అడ్డొచ్చింది. ఆ పదిహేను ప్రకారమే ఇనుప కడ్డీల జాబితా కూడా కంప్యూటరే తయారు చేసింది. పాత నక్షాయే కదా అని సాబ్ లెక్క సరిచూడకుండా సంతకం పెట్టాడు. నక్షా కింద ‘గీసినవారు: ఇస్సాకు, శారోన్’ అని నేనే టైపు చేశాను. బాపు ఆ ప్రింటును మడత పెట్టి, అవ్వకు చూపించడానికి ఇంటికి తీసుకెళ్లాడు. పేర్లు తప్ప లోపల ఏముందో చూడలేదు. బిడ్డ గీసింది కదా, చూడటం దేనికనుకున్నాడు.

షెడ్డు లేచింది. పైన సాంచాలు బిగించి మొదలుపెట్టిన నాలుగో వారంలో, ఓ మధ్యాహ్నం బుచ్చిరాములు కాకకు తల మీద నుంచి చప్పుడు తేడాగా వినబడింది. చెవులు ముప్పై ఏళ్లు సాంచాల మధ్యే బతికాయి కదా. పరుగెత్తి మెయిన్ స్విచ్చి ఆపి, పైనున్న వాళ్లనందరినీ కిందికి దింపాడు. గంగాబాయి చిన్నమ్మ ఒక్కతే కింద ఆ దూలం మూల నూలు కండెలు చుడుతూ ఉండిపోయింది. దూలం పగిలి, దాని కింది పెచ్చు ఊడి ఆమె కుడి భుజం మీద పడింది. ప్రాణం పోలేదు. చెయ్యి మాత్రం మళ్లీ పైకి లేవలేదు. మున్సిపాలిటీ నోటీసు అంటించింది. పై అంతస్తు కూలగొట్టారు. కింద సాంచాలు కూడా దుమ్ముపట్టి ఆగిపోయాయి. కొన్నాళ్లకు కాక వాటిని అమ్మేసి, మళ్లీ పరాయి షెడ్డులో పనికి కుదిరాడు. యాభైకి దగ్గరపడ్డ మనిషి.

ఇదంతా తర్వాతి మాట. దూలం పగిలిన మర్నాడు సాబ్ ఆఫీసులో లేడు. భోజనాల వేళ, ఎవరూ లేని సమయంలో బాపు గొట్టంలోంచి ఆ పాత ట్రేసింగ్ బయటికి తీసి బల్ల మీద పరిచాడు. పక్కన నేను గీసిన ప్రింటు పెట్టాడు. ఇరవై ఒకటి, పదిహేను. రెండింటినీ మార్చి మార్చి చూశాడు. నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను.

"బిడ్డా, నువ్వు గీ అంకె సూడలేదా?"

"చూసిన బాపూ."

"సూసినవా?"

"నువ్వు తప్పు రాసినవనుకున్న."

బాపు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. తిడతాడనుకున్నాను. తిట్టాలని దేవుణ్ణి వేడుకున్నాను. ఆయన సొరుగు లాగి సగం బ్లేడు తీశాడు. వంగి, ఊపిరి బిగబట్టి, ఇరవై ఒకటిని గీకడం మొదలుపెట్టాడు.

"ఏం చేస్తున్నవ్ బాపూ?"

"నోరు మూస్కో."

పుట్టి ఇన్నేళ్లలో బాపు నన్ను అన్న మొదటి కటువు మాట అదే. సిరా పొడిని ఊది, రబ్బరు రుద్ది, అదే చోట తన ముత్యాల్లాంటి రాతతో పదిహేను అని రాశాడు. అలా ప్రతి దూలం దగ్గరా. పన్నెండు చోట్ల. సరిగ్గా ఉన్న నక్షాను ఆయన తన చేత్తో తప్పు చేశాడు.

"ఆడపిల్ల మిషన్ మీద గీస్తే దూలం పల్గిందంటె నీకు మల్ల ఎవడన్న కాయితం ఇస్తడా? నేను ముసలోన్ని, నా చెయ్యి తప్పిందంటరు, గంతే. నువ్వు ఇప్పుడే షురూ చేసినవు" అన్నాడు. ఆ సాయంత్రం ఇంట్లో బైబిలు మీద నా చెయ్యి పెట్టించి, తాను సరే అనేదాకా ఈ సంగతి ఎవరికీ చెప్పనని ప్రమాణం చేయించాడు. అవ్వ వంటింటి గడపలో కూర్చుని ఏడ్చింది. నేను ప్రమాణం చేశాను. భయపడ్డాను, అంతే. నా కొలువు పోతుందని భయపడ్డాను. అంత నోరున్నదాన్ని, కావలసిన రోజున ఉత్త పిరికిదాన్నయ్యాను.

మర్నాడు పదకొండింటికి సాబ్ ఇద్దరినీ పిలిచాడు. బాపు ట్రేసింగ్ ఇచ్చి, "అంకె నేనే తప్పు రాసిన సాబ్. పిల్ల ఉన్నదున్నట్టు ఎక్కించింది" అన్నాడు. సాబ్ కాగితాన్ని కిటికీ వైపు ఎత్తిపట్టి చాలాసేపు చూశాడు. తర్వాత దాన్ని జాగ్రత్తగా చుట్టి తన అల్మారాలో పెట్టుకుని, రేపటి నుంచి రావద్దని బాపుతో హిందీలో అన్నాడు. ఇరవై రెండేళ్లకు అంతే. బాపు తన టీ కప్పు కడిగి బోర్లించి, మెట్లు దిగి వెళ్లిపోయాడు. నేను గాజు గదిలోకి వెళ్లి కంప్యూటర్ ముందు కూర్చున్నాను.

భివండి చిన్న ఊరు. ఇస్సాకు చెయ్యి తప్పిందట అన్న మాట ఆదివారం ప్రార్థనకు కూడా మాకంటే ముందే చేరింది. మరే ఇంజినీరూ పని ఇవ్వలేదు. బాపు నాగావ్‌లో ఓ షెడ్డులో కండెలు చుట్టే పనికి వెళ్లాడు. పదహారేళ్లప్పుడు వచ్చిన కొత్తలో చేసిన పని. అన్నిటికంటే ఆయన్ను చంపింది బుచ్చిరాములు కాక మౌనం. కాక తిట్టలేదు, కొట్టలేదు, పంచాయితీ పెట్టలేదు. ఒక్కసారి మా గడప ముందు ఆగి, "నీ చెయ్యి మీద నా ఇల్లంత భరోసా వెట్టిన అన్నా" అన్నాడు. తర్వాత మాట్లాడటం మానేశాడు. ఒకే సందు, ఒకే నల్లా. పొద్దున షిఫ్టుకు పోతూ ఒకసారి, సాయంత్రం వస్తూ ఒకసారి మా తలుపు ముందు నుంచే నడిచేవాడు. బాపు రోజూ ఆ వేళకు గడపలో కూర్చునేవాడు. కాక తల తిప్పుకుని పోయేవాడు. "ఇయ్యాల గూడ సూడలే" అని బాపు అవ్వతో చెప్పేవాడు, నవ్వుతూ. ఆ నవ్వు చూస్తే నాకు గోడకు తల కొట్టుకోవాలనిపించేది.

నాలుగేళ్లు గడిచాయి. ఆఫీసులో మూడు కంప్యూటర్లు వచ్చాయి. నేను ఇద్దరికి పని నేర్పాను. ఏ పాత ట్రేసింగ్ వచ్చినా ముందు అంకె చూడమని గొంతు చించుకుని అరిచేదాన్ని. శారోన్ మేడమ్‌కు పిచ్చి అనుకునేవాళ్లు. ఇంట్లో బాపుకు దగ్గు పట్టుకుంది. నూలు దుమ్ము, దాని మీద క్షయ. పనికి వెళ్లడం ఆగిపోయింది, తర్వాత గడపలో కూర్చోవడమూ ఆగిపోయింది. మంచం తలుపు దగ్గరికి జరిపించుకున్నాడు. సందులో చెప్పుల చప్పుడైతే, "బుచ్చిరాములే. కుడికాలు జర ఈడుస్తడు" అనేవాడు.

ఓ రోజు నేను తెగించాను. "బాపూ, నీ కాళ్లు మొక్కుత. కాకకు చెప్పనియ్యి. ఆయన అచ్చి నీ పక్కన కూసుంటడు" అన్నాను.

బాపు మోచేతి మీద ఆనుకుని కాస్త లేచాడు. ఆశ పుట్టింది, నాకు కనిపించింది. "ముందుగాల సాబ్‌కు చెప్పు బిడ్డా. నీ కొలువుకు ఏం గాదంటెనే బుచ్చిరాములుకు చెప్పు" అన్నాడు.

మర్నాడు సాబ్ గదిలోకి వెళ్లి తలుపు వేసి మొత్తం చెప్పేశాను. అంకె నేను చూశానని, బాపు బ్లేడుతో గీకి మార్చాడని, కావాలంటే ఇప్పుడే రాజీనామా ఇస్తానని. పాట్కర్ సాబ్ టీ తాగుతున్నాడు. కప్పు కింద పెట్టలేదు.

"నాకు ఆ రోజే తెలుసు. వెలుతురుకు పెట్టి చూడగానే తెలిసింది. గీకినచోటల్లా కాగితం పలచబడి ఉంది, సిరా కొత్తది" అన్నాడు హిందీలో.

"తెలిసీ బాపును తీసేశారా?"

"అరె, నిన్ను తీసేస్తే ఆ మిషన్ ఎవరు నడిపేవాళ్లు? భివండిలో అప్పుడు ఇంకెవరికి వచ్చు? నువ్వు నిజం చెప్పినా నిన్ను తీసేసేవాణ్ణి కాదు. కానీ లెక్క సరిచూడకుండా సంతకం పెట్టింది నేను. తప్పు గీసినవాడిదేనని మున్సిపాలిటీకి చూపించడానికి నాకొక పాత కాగితం కావలసి వచ్చింది. మీ నాన్న తానే తెచ్చి చేతిలో పెట్టాడు." "మంచి మనిషి" అని కూడా అన్నాడు.

థూ! ఆయన ముఖం మీద ఉమ్మి ఉండాల్సింది. ఏం చేయలేదు. ఆ మెట్లన్నీ ఎలా దిగానో, నార్పోలిదాకా ఎలా నడిచానో గుర్తులేదు. నా కొలువుకు ఏ రోజూ ఏ ప్రమాదమూ లేదు. నాలుగేళ్లు బాపు కండెలు చుట్టింది నాకోసం కాదు. ఆయన ఊపిరితిత్తులు పోయింది నాకోసం కాదు. అదంతా పాట్కర్ సాబ్ సంతకం కోసం.

ఇంటికి వెళ్లేసరికి బాపు దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. అవ్వ చేత గడ్డం గీయించుకున్నాడు. బుచ్చిరాములు వస్తాడేమోనని.

"సాబ్ ఏమన్నడు బిడ్డా?"

"ఏమనలే బాపూ. అయిపోయిన ముచ్చట అన్నడు."

"అప్పుడే చెప్పుంటే నిన్ను తీసేసేటోడా?"

ఆ కళ్లు చూసి నేను ఏం చెప్పను? మీరైతే ఏం చెప్పేవారు? "తీసేసేటోడు బాపూ. నిమిషం ఉంచకపోదునన్నడు. ఏ ఆఫీసుల కాలు వెట్టనియ్యకపోదునన్నడు. నువ్వే నన్ను కాపాడినవు" అన్నాను.

బాపు ముఖం విచ్చుకుంది. "ఇన్నవా ఐలమ్మా! నా బిడ్డ కొలువు నేనే నిలవెట్టిన" అన్నాడు. నాలుగేళ్లలో ఆయన అంత తృప్తిగా ఉండటం నేను చూడలేదు. తర్వాత కొంచెం ఆలోచించి అన్నాడు. "గంత కోపమున్నోడా సాబ్? ఐతే బుచ్చిరాములుకు ఇప్పుడు చెప్పకు బిడ్డా. వాడు ఊకోడు. గంగాబాయి చెయ్యి యాదికొస్తది, సాబ్ మీదికి లడాయికి పోతడు, సాబ్ కోపం నీ మీద తీస్తడు. నేను పోయినంక చెప్పు."

"బాపూ, సాబ్ ఏం చెయ్యడు..."

"ఇప్పుడే గద చెప్పినవ్, నిమిషం ఉంచకపోదునన్నడని."

నా అబద్ధాన్ని నాకే అడ్డం వేశాడు. దాన్ని వెనక్కి తీసుకుంటే బాపుకు బుచ్చిరాములు కాక దక్కుతాడు. కానీ ఆ నాలుగేళ్లూ ఉత్తవేనని తెలిసిపోతుంది. ఆ తర్వాత బాపు తొమ్మిది రోజులు బతికాడు. ఆ తొమ్మిది రోజులూ పొద్దునా సాయంత్రం మా తలుపు ముందు కుడికాలు ఈడ్చుకుంటూ కాక నడిచి వెళ్లాడు. ప్రతిసారీ నేను నోరు తెరిచాను. ప్రతిసారీ బాపు ముఖంలో ఆ తృప్తి చూసి మూసుకున్నాను. ఎనిమిదో రోజు బాపుకు మాట పడిపోయింది. అప్పుడు కూడా చెప్పుల చప్పుడు వినిపిస్తే కళ్లు తలుపు వైపు తిరిగేవి.

సమాధి కార్యక్రమానికి కాక రాలేదు. మర్నాడు నేనే వాళ్ల ఇంటికి వెళ్లాను. గంగాబాయి చిన్నమ్మ ఎడమ చేత్తో చేటలో బియ్యం ఏరుతోంది. కాక షిఫ్టు నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. నిలబడే అంతా చెప్పాను. అంకె, బ్లేడు, ప్రమాణం, సాబ్, చివరికి నేను ఆడిన అబద్ధం. కొట్టండి కాకా అన్నాను. గంగాబాయి చిన్నమ్మ చేట పక్కకు జరిపి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కాక తడికాళ్లతోనే గడప మీద కూలబడ్డాడు. నన్ను తిట్టలేదు. నా ముఖం కూడా చూడలేదు.

"తప్పు ఆయనదే అనుకున్నప్పుడు గూడ, ఒక్కపారి పిలిస్తే అచ్చేటోన్నే బిడ్డా" అన్నాడు. "నాలుగేండ్లాయె. నన్ను ఒక్కపారి అన్న పిలుస్తడేమోనని, రోజు రెండుపార్లు గా సందులకెల్లే నడిసిన. షెడ్డుకు పోను నాకు గీ ఎనుక దిక్కు రోడ్డే దగ్గరుండె."